మా ఊరి రాళ్ళను కాపాడుకోవడానికి చిన్న మొత్తం ఎవరిస్తారు? ఎలా అడగాలి?

గవ్వలపిల్ల:

అందరికీ నమస్తే. మాది భీమిలి దాటాక విజయనగరం జిల్లా వైపు ఒక జాలరి ఊరు. రాత్రి డాబా ఎక్కితే చింతపల్లి లైట్‌హౌస్ వెలుగు కనిపిస్తుంది. నాన్న ఫైబర్ బోటు మీద వేటకి వెళ్తారు. అమ్మ తట్టలో చేపలు పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముతుంది. నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేసి ఇంటి దగ్గరే ఉండి ట్యూషన్లు చెబుతున్నాను.

మా ఊరి ముందు సుమారు కిలోమీటరున్నర పొడవునా రాళ్ళున్నాయి. అమావాస్యకీ పౌర్ణమికీ నీరు బాగా వెనక్కి తగ్గినప్పుడు ఆ రాళ్ళ మధ్య గుంటలు బయటపడతాయి. వాటిలో సీ అనిమోన్లు, సన్యాసి పీతలు, ముళ్ళకాయల్లాంటి సీ అర్చిన్లు, వేలెడంత చేపపిల్లలు ఉంటాయి. పచ్చటి తివాచీ పరిచినట్టు రాయంతా కప్పేసే జోయాంథిడ్లు కూడా ఉన్నాయి. చిన్నప్పుడు అవన్నీ మాకు ఆట వస్తువులే. వాటి పేర్లు చదువుకున్నాకే తెలిశాయి.

రెండేళ్ళుగా తొమ్మిది మందిమి కలిసి ఆ రాళ్ళ ఫోటోలు తీస్తున్నాం, బడి పిల్లలకి చూపిస్తున్నాం. తలా కొంత వేసుకుని 38,000 రూపాయలు ఖర్చు పెట్టాం. ఈమధ్య ఊరికి రోడ్డు బాగుపడింది, జనం రావడం పెరిగింది. కార్తీక మాసంలో ఒక్క ఆదివారమే ఆరు బస్సులు వచ్చాయి. పిల్లలు నక్షత్ర చేపల్ని సీసాల్లో వేసుకుని పట్టుకెళ్ళారు. పెద్దవాళ్ళు పీతల కోసం రాళ్ళు తిరగేసి అలాగే వదిలేశారు. తిరగేసిన రాయి కింద ఉన్నవి ఎండకి ఎంతోసేపు బతకవు. సాయంత్రం నేనూ మా తమ్ముడూ ఒక్కో రాయినీ మళ్ళీ బోర్లించుకుంటూ వచ్చాం. చీకటి పడేసరికి సగం కూడా పూర్తి కాలేదు.

ఆ కిలోమీటరున్నరను సముద్ర రక్షిత ప్రాంతంగా ప్రకటింపజేయాలని మా ఆశ. దానికి ముందు సర్వే, అవగాహన, బోర్డులు, కాపలా అన్నీ కలిపి ఆరు లక్షలు అవుతుందని లెక్కేశాం. ఇలాంటి చిన్న పనులకి డబ్బు ఎవరిస్తారు? అర్జీలో ఏం రాయాలి? అసలు మాలాంటి వాళ్ళు అడగొచ్చా? మాకు సొసైటీ రిజిస్ట్రేషన్ అయి ఏడాదే అయింది. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.


గాజువాక ఆడిటర్:

అమ్మా, మీ పని చదివి సంతోషం వేసింది. కాగితాల సంగతి నేను చెబుతాను.

ముందు నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్లో సంస్థను నమోదు చేసుకోండి, ఫీజేమీ లేదు. తర్వాత ఆదాయపు పన్ను శాఖ నుంచి 12ఏ, 80జీ అని పిలిచే రిజిస్ట్రేషన్లు తెచ్చుకోండి, సంస్థకీ దాతలకీ పన్ను మినహాయింపు వాటితోనే వస్తుంది. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బు కావాలంటే సీఎస్ఆర్-1 ఫారం కూడా వేయాలి, 2021 ఏప్రిల్ నుంచి అది తప్పనిసరి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఏడో షెడ్యూల్లో పర్యావరణం, జంతుజాలం, వృక్షజాలం రక్షణ ఉన్నాయి కాబట్టి మీ పని దాని కిందికే వస్తుంది. విశాఖ చుట్టూ పెద్ద కంపెనీలకు కొదవ లేదు.

మరో మాట. సీఎస్ఆర్ వాళ్ళకి ఫోటోలో కనిపించే పనులంటే ఇష్టం. బోర్డులు, టీషర్టులు, బీచ్ క్లీనింగ్ ఇస్తామంటారు. మీకు కావలసింది అదేనా కాదా ముందే తేల్చుకుని వెళ్ళండి.


మడఅడవి:

చెల్లీ, నేను పదిహేనేళ్ళుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట ఆరేళ్ళు తమిళనాడు ఒడ్డున పాక్ బే దగ్గర ఒక చిన్న సంస్థలో చేశాను, ఇప్పుడు కాకినాడలో ఉంటున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు విదేశీ నిధుల సంగతి చెబుతాను. వాటి గురించి అడగకుండా ఉండరు మీవాళ్ళు. ప్రపంచంలో ఇలాంటి చిన్న పనులకే డబ్బిచ్చే సంస్థలు ఉన్నాయి. రఫర్డ్ ఫౌండేషన్ మొదటిసారి అడిగేవాళ్ళకి ఆరేడు వేల పౌండ్లు ఇస్తుంది. మొహమ్మద్ బిన్ జాయెద్ నిధి ఒక్కో జాతి కాపాడటానికి 25,000 డాలర్ల దాకా ఇస్తుంది. సేవ్ అవర్ సీస్ సొరలకీ టేకు చేపలకీ ఇస్తుంది. ఇవన్నీ మంచి నిధులే. కానీ మన దేశంలో ఏ సంస్థయినా బయటి డబ్బు ముట్టుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకి మూడేళ్ళు నిండాలి, ఆ మూడేళ్ళలో అసలు పని మీద కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. మీకు ఏడాదే అయింది కాబట్టి ఇప్పుడు రిజిస్ట్రేషన్ దారి లేదు.

"రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ పేరు మీద తీసుకుని మాకు ఇప్పించుకుంటాం" అని ఎవరైనా సలహా ఇస్తే వినకు. 2020 సెప్టెంబర్ సవరణ తర్వాత ఒకరికి వచ్చిన విదేశీ నిధి ఇంకొకరికి బదిలీ చేయడం నేరం. ఈ దెబ్బ నేను స్వయంగా తిన్నాను. సవరణకి ముందు వేసుకున్న ఏర్పాటు అది. మంజూరు ఉత్తరం వచ్చింది, ఇద్దరు కుర్రాళ్ళని పనిలోకి తీసుకున్నాం, డబ్బు పెద్ద సంస్థ ఖాతాలో ఆగిపోయింది. మూడు నెలల జీతం నా చేతి నుంచి ఇచ్చాను. నాలుగో నెల ఆ పిల్లల్ని పిలిచి పని లేదని చెప్పాల్సి వచ్చింది. వాళ్ళలో ఒకడు ఇప్పుడు రొయ్యల ప్లాంటులో గ్రేడింగ్ చేస్తున్నాడు. సముద్రపు గడ్డిని అంత బాగా గుర్తుపట్టే కన్ను నేను మళ్ళీ చూడలేదు.

ఇక అసలు విషయం. చిన్న నిధి రక్షిత ప్రాంతాన్ని ప్రకటింపజేయలేదు, ప్రకటించేది ప్రభుత్వం. చిన్న నిధి చేయగలిగింది దానికి ముందరి ఏడాది పని. ఆ ఏడాది ఊళ్ళో ఏం జరిగిందన్న దాని మీదే మిగతాదంతా ఆధారపడుతుంది.

పాక్ బేలో 2022 సెప్టెంబర్లో తంజావూరు, పుదుక్కోట్టై జిల్లాల తీరంలో 448 చదరపు కిలోమీటర్ల డుగాంగ్ (సముద్రపు ఆవు) సంరక్షణ రిజర్వును తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. దేశంలో అదే మొదటిది. పేపర్లో ఒక్కరోజు వార్త. దాని వెనక ఏళ్ళ తరబడి చిన్న చిన్న పనులున్నాయి. వెదురు చట్రాలకి కొబ్బరి తాళ్ళు కట్టి సముద్రపు గడ్డి నాటడం, వలలో డుగాంగ్ పడితే వల కోసి దాన్ని వదిలేసినవాళ్ళని ఊరి ముందు సన్మానించడం, బడుల్లో పాఠాలు. అన్నిటికంటే ముఖ్యం, ప్రకటన వల్ల వేటకి కొత్త ఆంక్షలేవీ రావని మత్స్యకారులకి చెప్పారు. అటు మహారాష్ట్రలో మాల్వణ్ చూడు. 1987లోనే 29 చదరపు కిలోమీటర్ల సముద్ర అభయారణ్యం ప్రకటించారు. తమని అడగలేదని అక్కడి మత్స్యకారులు దాన్ని ఏళ్ళ తరబడి ఎదిరించారు.

అందుకే మీ ఆరు లక్షల లెక్కలో "అవగాహన" అన్న మాట చూసి నాకు కొంచెం దిగులు కలిగింది. ఆ రాళ్ళ గురించి మీ ఊరివాళ్ళకి మనం నేర్పేదేముంది? వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాలి.

పూడిమడక వైపు ఒక ఊళ్ళో మేం చేసిన సమావేశం చెబుతాను. కమ్యూనిటీ హాలు సిమెంటు నేల మీద సుద్దముక్కతో తీరం గీత గీశాం. చింతపిక్కలు ఒక గిన్నెడు పెట్టాం. ఒక పెద్దాయన గొంతుక్కూర్చుని, ఒక్కొక్క పిక్కనీ వేలితో జరుపుతూ, "ఈ కొండ కొన మీదికి ఆ గుడి గోపురం వచ్చేసరికి కింద రాయి ఉంటాది, అక్కడ గేలం వేస్తే పడతాది" అని పదకొండు చోట్లు పెట్టారు. మా దగ్గర జీపీఎస్ ఉంది. మర్నాడు పడవ మీద వెళ్ళి చూస్తే ఆయన చెప్పిన ప్రతిచోటా రాయి ఉంది. ఇదంతా రాసుకుని మేం లేవబోతుంటే గుమ్మం దగ్గర నిలబడ్డ ఒకామె లోపలికొచ్చి, "ఇది మగోళ్ళ సముద్రం, మరి మాది?" అంది. కూర్చుని గుప్పెడు పిక్కలు తీసుకుంది. ఆలుచిప్పలు ఏరే రాళ్ళు, ఎండుచేపలు ఆరబెట్టే ఇసుక, అన్నీ పెట్టింది. చివరికి చూస్తే మేం రక్షించమని అడగబోయిన ముక్కలో సగం వాళ్ళ ఎండుచేపల చోటు. పడవలు దిగే దారి కూడా అందులోనే ఉంది. ఆ సమావేశానికి అయిన ఖర్చు 4,200 రూపాయలు. అది పెట్టకపోయి ఉంటే మేమే వాళ్ళ పొట్ట కొట్టేవాళ్ళం.

కాబట్టి ఆరు లక్షలు అడగొద్దు, 1,80,000 అడుగు. నెలకొకటి చొప్పున పన్నెండు సమావేశాలు, ఒక్కోదానికి 4,000 అనుకో, 48,000. ఆ రోజు వేట మానుకుని వచ్చినవాళ్ళకి కూలి అందులోనే ఇవ్వాలి, టీ ఇచ్చి పంపేస్తే కుదరదు. పడవ మీద ఎనిమిది రోజులకి డీజిలుతో సహా 24,000. ఊళ్ళోనే ఇద్దరికి నెలకి మూడేసి వేలు, ఏడాదికి 72,000. ఆ ఇద్దరిలో ఒకరు ఆడమనిషి ఉండాలి. తెలుగులో పటాలు, కాగితాలు అచ్చుకి 12,000. ఆడిట్‌కి 15,000. మిగిలిన 9,000 చేతిలో ఉంచుకో, వర్షాకాలంలో ఏదో ఒకటి పాడవుతుంది.

లెక్కపెట్టే పనికి పెద్ద సామాను అవసరం లేదు. అరమీటరు చదరపు చట్రం పీవీసీ పైపుతో చేయించుకో. ప్రతి నెలా అమావాస్య ఆటుకి అవే ఇరవై చోట్ల పెట్టి, చట్రంలో ఏమేమి ఎన్ని ఉన్నాయో రాసుకో, పైనుంచి ఒక ఫోటో తీసుకో. జనం తొక్కే చోట పది, తొక్కని చోట పది. ఏడాది తర్వాత ఆ రెండిటికీ తేడా చూపిస్తే ఏ అధికారి అయినా కుర్చీ దగ్గరికి లాక్కుని చూస్తాడు.

అర్జీలో నిధి ఇచ్చేవాళ్ళు వెతికేది ఒక్కటే: డబ్బు అయిపోయాక ఏ కాగితం ఎవరి బల్ల మీదికి చేరుతుంది? నీ జవాబు: గ్రామసభ తీర్మానం, సరిహద్దు పటం, మీ పంచాయతీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ రిజిస్టర్లో నమోదు. 2002 జీవవైవిధ్య చట్టం 37వ సెక్షన్ కింద స్థానిక సంస్థలతో సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలం ప్రకటించొచ్చు. హైదరాబాద్ దగ్గర అమీన్‌పూర్ చెరువుకి 2016లో ఆ గుర్తింపు అలాగే వచ్చింది. రెండో దారి వన్యప్రాణి చట్టం 36ఏ కింద సంరక్షణ రిజర్వు, పాక్ బేది అదే. దానికి కూడా ఊరివాళ్ళని సంప్రదించాలి, 36బి ప్రకారం కమిటీలో పంచాయతీ ప్రతినిధి ఉండాలి. ఆటుపోట్ల మధ్య నేల కాబట్టి తీర నియంత్రణ నిబంధనల రక్షణ మీ రాళ్ళకి ఇప్పటికే కొంత ఉంది, అది కూడా అర్జీలో రాయి. నా మటుకు నేను 37 దగ్గర మొదలుపెట్టమంటాను. మీ ఊరివాళ్ళు అర్థం చేసుకోగలిగిన దారి అది, "అడవి శాఖ" అన్న మాటకి ఊళ్ళో ఉలిక్కిపడేవాళ్ళు తక్కువేం ఉండరు.


వెరావల్ బోటు:

అమ్మా, మాది శ్రీకాకుళం జిల్లా. ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పని చేస్తాను. మా జిల్లా వాళ్ళు అలా వెళ్ళే 2018లో పాకిస్తాన్‌కి చిక్కి 2020 జనవరి దాకా అక్కడి జైల్లో ఉన్నారు. మా ఒడ్డున చేప ఉంటే ఇంతదూరం ఎవరు పోతారు? కాబట్టి సముద్రం కాపాడాలంటే వద్దనేవాణ్ణి కాదు. కానీ "రక్షిత ప్రాంతం" అనే మాట వింటే మాకు భయమే. పక్కనే ఒడిశాలో గహీర్‌మాతను 1997లో సముద్ర అభయారణ్యం చేశారు, ఆ తీరంలో ఏటా నవంబర్ 1 నుంచి మే 31 దాకా వేట లేదు. తాబేళ్ళ కోసమే, కాదనను. ఆ ఏడు నెలలు ఇంట్లో పొయ్యి వెలగాలి కదా అని అడిగేవాడు లేడు.

వెరావల్లో నేను చూసింది చెబుతాను. మచ్చల సొర, పేపర్లలో తిమింగల సొర అంటారు, బస్సంత ఉంటుంది, ఎవరినీ ఏమీ చేయదు. ముందు దాన్ని చంపి అమ్మేవారు. 2001లో చట్టం వచ్చింది, చట్టంతోనే ఆగలేదు. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, టాటా కెమికల్స్, అక్కడి అటవీ శాఖ కలిసి ప్రచారం మొదలుపెట్టాయి. మొరారి బాపు అని రామకథ చెప్పే పెద్దాయన, ఈ సొర మన ఒడ్డుకి కానుపుకి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల అన్నారు. ఆ ఒక్కమాట బోట్లన్నిటికీ పాకింది. పుట్టింటికొచ్చిన పిల్లని ఎవరు చంపుతారు?

దాంతోపాటు బోట్లకి చిన్న కెమెరాలిచ్చారు. ఇదివరకు సొర వలలో పడితే అధికారి వచ్చి చూసేదాకా ఆగాలి, ఈలోగా అది చచ్చేది. కెమెరా వచ్చాక మేమే వల కోసి, వదులుతూ ఫోటో తీసి, ఒడ్డుకొచ్చి చూపిస్తే వల డబ్బులు వస్తాయి. నేను ఒకసారి వల కోశాను. కోస్తుంటే దాని కన్ను నా మోచేతికి జానెడు దూరంలో ఉంది, చిన్న కన్ను, అంత పెద్ద ఒంటికి. పట్టు వదలగానే ఒక్క తోకతో బోటు ఊగింది, నీళ్ళలోకి దిగిపోయింది. ఆ రాత్రి బోటు మీద ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

అందుకే చెబుతున్నా, డబ్బు మా చేతికి పని అప్పగించేలా ఉండాలి. ఇంకోటి. చట్టం ప్రకారం మన రాష్ట్రంలో ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలదే, మరబోట్లు రాకూడదు. రాత్రిళ్ళు వస్తాయి, వలలు తెంపుకుపోతాయి. మీ అర్జీలో రాళ్ళతో పాటు ఆ ఎనిమిది కిలోమీటర్ల మాట కూడా పెట్టండి. బోటు నంబరు, తేదీ, టైము రాసే పుస్తకం ఒకటి ఊళ్ళో పెట్టండి. అప్పుడు మీ నాన్న తోటివాళ్ళంతా మీ వెనక ఉంటారు. సంతకాలు పెట్టించే కాగితం మాత్రం తెలుగులో ఉండాలి, ఊళ్ళో గట్టిగా చదివి వినిపించాకే పెట్టించండి.


గవ్వలపిల్ల:

అందరికీ చాలా థ్యాంక్స్. మడఅడవి అక్కా, మీది చదివాక మొదట అమ్మని అడిగాను. "ఆ రాళ్ళ మీద నువ్వెప్పుడైనా ఏమైనా ఏరావా?" అంటే అమ్మ నా వైపు వింతగా చూసింది. వేట నిషేధం రెండు నెలలూ, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మా ఇంట్లో కూర ఆ రాళ్ళదేనట. చిప్పలు, పీతలు. రెండేళ్ళుగా ఫోటోలు తీస్తున్నాను, ఇంట్లో మాత్రం ఒక్కసారీ అడగలేదు. మేం గీసిన పటంలో అమ్మ ఏరే చోటు సరిగ్గా మధ్యలో ఉంది. అది కాపలా పెట్టి మూసేయాలని రాసుకున్నాం. ఇది తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు.

నిన్న ఆ పటం పక్కన పెట్టేశాం. లెక్క 1,80,000కి తగ్గించాం. నెల డబ్బులిచ్చే ఇద్దరిలో ఒకరు మా ఊరి చేపలమ్మే ఆమే. ఆమెకి చదువు రాదు కానీ ఏ రాయి కింద ఏముందో చెబుతుంది, మా తమ్ముడు రాస్తాడు. బాబాయి గారూ (వెరావల్ బోటు), మరబోట్ల పుస్తకం మాట నాన్నతో అంటే, ఇన్నాళ్ళూ నా పని గురించి ఒక్కమాటా అడగని మనిషి, నోట్‌బుక్ తనే కొనుక్కొచ్చారు. మొదటి పేజీలో రెండు బోట్ల నంబర్లు అప్పుడే రాశారు.

ఒక్క సందేహం. మొదటి సమావేశం రామాలయం దగ్గర పెట్టాలా, ఒడ్డునే పెట్టాలా? కుల పెద్దలని ముందు విడిగా కలవాలా?


మడఅడవి:

పెద్దల్ని ముందు కలువు. నాన్నని వెంటబెట్టుకుని వెళ్ళు, కాగితాలు మాత్రం నువ్వే పట్టుకో. సమావేశం ఒడ్డునే పెట్టు, పడవలు లాగే చోట. గుడి దగ్గరైతే ఆడవాళ్ళు వెనక నిలబడిపోతారు. ఒడ్డున బేరాలు చేసేది వాళ్ళే కాబట్టి అక్కడ వాళ్ళ గొంతు పైకి వస్తుంది. వేట నుంచి పడవలు వచ్చి, చేప అమ్ముడయ్యాక మొదలుపెట్టు, ఎవరి బేరమూ పాడవకూడదు. అమావాస్య దగ్గర పెట్టుకుంటే నీళ్ళు తగ్గాక అందరూ కలిసి రాళ్ళ మీదికి నడవొచ్చు. మీ అమ్మని ముందు నడవమను.

సుద్దముక్క ఇసుక మీద పనికిరాదు, కర్రతో గీయండి. చింతపిక్కలు మర్చిపోకు.